పేర్లు కొట్టే మిషను, మారిన హెడర్లు

2023 ఎండాకాలం. బేగంబజార్‌లో ఒక స్టీలు సామాను హోల్‌సేల్ దుకాణం. ముందు భాగమంతా ఒకదానిలో ఒకటి దూర్చిన గిన్నెలు, బిందెలు. వెనక మెట్ల కింద, అట్టపెట్టెల మధ్య, ఒక చిన్న కౌంటరు. కొన్న సామాను మీద అక్కడ పేర్లు కొడతారు. పెళ్లికి పెట్టే గిన్నె మీద ఇచ్చేవారి పేరు, కొత్త కాపురానికి కొన్న బిందె మీద ఇంటిపేరు, దినాలకు పంచే డబ్బా మీద పోయినవారి పేరు.

నేను ఉండేది లాల్‌దర్వాజాలో. ఇంట్లోనే కూర్చుని పని చేస్తాను. ఇరవై ఏళ్లకు పైగా నా పని ఒకటే: పాత సాఫ్ట్‌వేరు కొత్త ఆపరేటింగ్ సిస్టముల మీద నడిచేటట్టు చూడడం. ముఖ్యంగా ఎమ్యులేటర్లు. ఎమ్యులేటర్ అంటే, ఇప్పుడు దొరకని ఒక పాత కంప్యూటరులాగా ప్రవర్తించే ప్రోగ్రాము. దాని లోపల పాత ప్రోగ్రాములు తాము పాత కాలంలోనే ఉన్నామనుకుని పని చేసుకుపోతాయి.

బయట కాలం మారుతూనే ఉంటుంది. ఎమ్యులేటరు కూడా ఒక ప్రోగ్రామే కనుక, తాను ఏ సిస్టము మీద నడుస్తోందో దాని కెర్నెల్‌తో మాట్లాడాలి. కెర్నెల్ అంటే డిస్కు, తెర, కేబుళ్లు అన్నింటినీ అదుపులో ఉంచే మూలభాగం. దానితో ఎలా మాట్లాడాలో చెప్పే ఫైళ్లను కెర్నెల్ హెడర్లు అంటారు. ఏ పనికి ఏ సంఖ్య, ఏ సమాచారం ఏ వరుసలో, ఎన్ని బైట్లలో ఉండాలి అన్నవి వాటిలో ఉంటాయి. ఎమ్యులేటరును మూల కోడు నుంచి తయారు చేసేటప్పుడు, అంటే కంపైల్ చేసేటప్పుడు, ఈ హెడర్లను చదువుతారు. సిస్టము మారినప్పుడు ఇవీ కొంత మారతాయి. ఒక పేరు ఈ ఫైలు నుంచి ఆ ఫైలుకు జరుగుతుంది. నిన్న సాఫీగా తయారైన ఎమ్యులేటరు ఇవాళ తయారు కాదు.

ఆ దుకాణం సత్యనారాయణ సేటుది. పేర్లు కొట్టే ప్రోగ్రామును రాసింది ఆయన తమ్ముడు మధు. కంప్యూటరులో మామూలుగా దొరికే తెలుగు అక్షరాలకు అంచులు రెండు వైపులా ఉంటాయి. సూదితో చెక్కే మిషనుకు అవి పనికిరావు. చేతిరాతలాగా ఒకే గీత కావాలి. సూది ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, ఎక్కడ లేవాలి అన్నది ప్రతి అక్షరానికీ, ప్రతి ఒత్తుకూ విడివిడిగా చెప్పాలి. మధు పాత డాస్ కంప్యూటర్ల కాలంలో ఒక్కడే కూర్చుని అదంతా చేశాడు. డాస్ కంప్యూటర్లు పోయాక తనే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టము మీద ఒక ఎమ్యులేటరు పెట్టి, తన ప్రోగ్రామును అందులోకి మార్చుకున్నాడు. అతను పోయి కొన్నేళ్లయింది. ఆ తరువాత ఆ కౌంటరులో కూర్చుంటున్నది అతని భార్య సుజాత.

ఆ ఎండాకాలం పాత కంప్యూటరు బోర్డు కాలిపోయింది. డిస్కు దక్కింది. శాలిబండలో కంప్యూటర్లు బాగు చేసే షకీల్ భాయ్ కొత్త కంప్యూటరు తెచ్చి పెట్టాడు. దాని బోర్డును పాత సిస్టము గుర్తించలేదు. కొత్త సిస్టము వేశాడు. అందులో ఆ ఎమ్యులేటరు లేదు. వాడేవాళ్లు తగ్గారని ఆ సిస్టము చేసేవాళ్లు తీసేశారు. మూల కోడు నుంచి తయారు చేద్దామంటే సగంలో ఆగిపోతోంది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

నేను వెళ్లేసరికి తెర నిండా ఎర్ర అక్షరాలు.

"భాయ్‌సాబ్, నేను చెయ్యని కోషిష్ లేదు," అన్నాడు షకీల్. "పాత డిస్కుల ఉన్న హెడర్లు మొత్తం పెన్‌డ్రైవ్‌ల ఏసుకొచ్చి ఇందుల పెట్టిన. గా హెడర్లతోనే కదా మధు భాయ్ తయారు చేసిండు. అస్లీ మాల్."

"కొత్తవి ఏం చేశావు?"

"వాటి మీదనే పెట్టిన."

సత్యనారాయణ సేటు గల్లా దగ్గర నుంచే అందుకున్నాడు. "అంటే పాత కుక్కరు గాస్కెట్ తీసి కొత్త కుక్కరుకు పెట్టిండు. సీటీ రాదు, మూత ఎగురుతది. గింత తెలువదారా నీకు?"

"సేట్, మీరు గిన్నెలు అమ్ముండ్రి. నా ధంధాల ఏలు పెట్టకుండ్రి."

సేటు చెప్పింది సరిగ్గా సరిపోయింది. హెడర్లు పాతవైనంత మాత్రాన కెర్నెల్ పాతది కాదు. నడుస్తున్న సిస్టముకు ఏ హెడర్లు ఉన్నాయో వాటినే ఉంచాలి. మారవలసింది ఎమ్యులేటరు కోడు. ముందు షకీల్ పెట్టినవన్నీ తీసి, సిస్టముతో వచ్చినవి మళ్లీ వేశాను. ఎర్ర అక్షరాలు చాలావరకు పోయి, ఒక తప్పు మిగిలింది. ఒకే పేరును రెండుసార్లు నిర్వచించారని కంపైలరు ఫిర్యాదు.

ఇది మా పనిలో తరచుగా ఎదురయ్యేదే. మిషనుకు వెళ్లే సీరియల్ కేబుల్ గురించిన వివరాలు కెర్నెల్ హెడరులో ఒకచోట ఉంటాయి. ప్రోగ్రాములు సాధారణంగా వాడుకునే సి లైబ్రరీ హెడరులో ఇంకొకచోట ఉంటాయి. పేరు ఒకటే, వివరాల్లో కొంచెం తేడా. రెండూ ఒకే ఫైలులోకి వస్తే కంపైలరు ఒప్పుకోదు. పాత సిస్టములో అవి ఎదురుపడలేదు. కొత్తదానిలో ఒక హెడరు ఇంకొకదాన్ని వెంట తెస్తోంది. ఈ చిక్కు మరెవరికో కూడా వచ్చింది. ఒక చర్చావేదికలో దానికి ప్యాచ్ దొరికింది. ప్యాచ్ అంటే కోడులో ఏయే వరుసలు మార్చాలో చెప్పే చిన్న ఫైలు. వేసి చూశాను. ఎమ్యులేటరు ఒక్క తప్పూ లేకుండా తయారైంది.

సుజాత వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒక గ్లాసు బిగించి "రమ" అని కొట్టింది. తరువాత "బి. కిషన్" అని. తల వంచి అక్షరాలను దగ్గరగా చూసి, "ఇవే," అంది. షకీల్ చాయ్ తెప్పించాడు.

రెండు రోజులకు సేటే ఫోన్ చేశాడు. "సారూ, ఒకసారి రాండ్రి. గిక్కడ మంచిగ లేదు." గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. దుకాణంలో ఆయన గొంతు తగ్గించడం నేను అంతవరకు వినలేదు.

వెళ్తే, కౌంటరు మీద చెడిపోయిన డబ్బాలు కొన్ని పెట్టి ఉన్నాయి. ఎవరి ఇంట్లోనో పెద్దావిడ పోయారు. ఆమె దినాలకు పంచడానికి ఇచ్చిన ఆర్డరు. ప్రతి డబ్బా మీదా "కీ.శే." అని మొదలై, పేరు వరకు చక్కగా వచ్చి, "గారి జ్ఞాపకార్థం" దగ్గర ఒత్తులు మాయమై, చివర సూది అడ్డంగా గీసుకుపోయింది.

"పెండ్లి సామాను మంచిగనే కొడుతుంది సార్," అంది సుజాత. "పొద్దటి నుంచి ఎన్నో కొట్టిన. ఒక్కటి తప్పు పోలే. పోయినోళ్లయే తెగుతున్నయి."

సేటు నన్ను గల్లా పక్కకు పిలిచాడు. "నా తమ్ముని అక్షరాలు గవి. వాడే పోయిండు. వాని అక్షరాలతోని పోయినోళ్ల పేర్లు కొట్టుడు వానికి ఇష్టం లేదేమో."

ఆయన ఎంత మెల్లగా అన్నా సుజాతకు వినపడింది. "గట్లెందుకంటవు బావా? ఆయనున్నప్పుడు గూడ గివే కొట్టిండు. మామయ్య దినాలకు డబ్బాలు కొట్టింది ఎవరు?"

"ఏమో అమ్మా. రేపు పొద్దున ఆ ఇంటోళ్లు వస్తరు. చచ్చిన మనిషి పేరు సగంల తెగిన డబ్బా చేతుల పెడితే ఊకుంటరా? లేజర్ తోని పేర్లు కొట్టే మిషనాయనతోని మాట్లాడిన. రేపే తెస్తడట. వాని మనిషినే కూసోబెడతడట. నువ్వు ఇంట్ల ఉండు. నీ ఖర్చు మొత్తం నేను చూసుకుంట."

"ఖర్చు చూసుకునుడు కాదు బావా." ఆమె గొంతు పెంచలేదు. "ఈ మెట్ల కింద నాదొక జాగ ఉంది. మంది వచ్చి నన్ను అడుగుతరు. గిది పోతే మీ ఇంట్ల నేను చుట్టాన్నైత."

సేటు చెడ్డవాడు కాడు. సాయంత్రం వరకు ఆగమని అడిగాను. "సాయంత్రం దాంక మీ ఇష్టం," అన్నాడు.

డబ్బాలను వరుసగా పెట్టి చూశాను. చనిపోయినవారికీ ఆ మిషనుకూ సంబంధం ఉంటుందని నేను అనుకోలేదు. కానీ సుజాత చూసి చెప్పింది నిజమే. అందులో ఏదో ఉండాలి. పెళ్లి సామాను మీద కొట్టినవి ఎలా ఉంటాయని అడిగాను. ఇప్పుడందరూ ఇంటిపేరులోని మొదటి అక్షరం, పేరు, అంతే కొట్టించుకుంటున్నారంది. బతికినవారికి రెండు మూడు అక్షరాలు చాలు. పోయినవారికి మాత్రం ఎవరూ కుదించరు. కీర్తిశేషులు అనాలి, ఇంటిపేరు, పూర్తి పేరు, గారు, జ్ఞాపకార్థం, కింద కొడుకుల పేర్లు.

"ఒక పని చెయ్యమ్మా. బతికున్న మనిషి పేరే, కానీ ఇంత పొడుగ్గా కొట్టు. పాడైన మూత ఏదైనా ఉంటే దాని మీద."

సొట్టపోయిన మూత ఒకటి బిగించింది. ఏం కొట్టాలా అని ఒక క్షణం ఆలోచించి, టకటకా టైపు చేసింది. సూది కదిలింది. అది గీస్తున్నది షకీల్ పైకి చదివాడు: "సత్యనారాయణ సేటు దుకాణంలో అప్పు అడిగినవారికి చల్ల..." అక్కడ సూది గాడి తప్పి మూత అంచు దాకా గీసుకుపోయింది.

"చల్లని మంచినీళ్లు ఇవ్వబడును అని కొట్టిన," అంది సుజాత, ముఖం మామూలుగా పెట్టి.

"సేట్, అప్పు అడిగితే సల్ల పోస్తరా? రేపటి నుంచి లైను కడతరు," అన్నాడు షకీల్.

సేటు మూత లాక్కుని చూశాడు. "ఓర్ని! బతికున్నోన్ని గూడ సగంల కోసింది గదరా ఇది!" అని, ముందు ఆయనే నవ్వాడు. ఆ నవ్వుతో ఆ దుకాణం మీద నుంచి ఒక భయం పోయింది. సుజాత కూడా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇక సంగతి తేలిక. పొడుగు పేర్లే తెగుతున్నాయంటే చూడవలసింది ఒకటే. చెక్కే మిషనులో సమాచారం దాచుకునే చోటు చాలా తక్కువ. కంప్యూటరు పంపిన గీతలను కొన్ని దాచుకుని, నింపాదిగా గీస్తుంది. చోటు నిండిపోతే కేబుల్‌లోని ఒక తీగ మీద "ఆగు" అని సంకేతం ఇస్తుంది. కంప్యూటరు ఆగాలి. దీన్ని ఫ్లో కంట్రోల్ అంటారు. మన కంప్యూటరు ఆగడం లేదు. చిన్న పేరు ఆ చోటులో పట్టేస్తుంది కనుక ఇబ్బంది లేదు. పెద్ద పేరు పొంగి, మధ్యలో గీతలు కిందపోతున్నాయి.

ఎందుకు ఆగడం లేదో ఎమ్యులేటరు కోడులో వెతికాను. "ఆగు" సంకేతాన్ని పట్టించుకునే భాగం అక్కడే ఉంది. కానీ దాని పైన ఎవరో ఒక షరతు రాశారు: హెడర్లలో ఫలానా పేరు కనిపిస్తే ఈ భాగాన్ని కలుపు, కనిపించకపోతే వదిలెయ్. నేను వేసిన ప్యాచ్‌లో, రెండు హెడర్ల గొడవ తప్పించడానికి, అన్ని సిస్టములకూ ఉమ్మడిగా ఒప్పుకున్న ప్రామాణిక జాబితాలోని పేర్లను మాత్రమే చూపమని కంపైలరుకు ఒక ఆదేశం కూడా ఉంది. ఆ ఫలానా పేరును అందరూ వాడతారు గాని, అది ఆ జాబితాలో లేదు. కనుక కంపైలరుకు కనిపించలేదు. కనిపించలేదు కనుక ఆ భాగాన్ని వదిలేసింది. తప్పు చూపలేదు, హెచ్చరిక ఇవ్వలేదు. చెప్పినట్టే చేసింది.

ప్యాచ్ మొత్తం తీసేశాను. కెర్నెల్ హెడరు అవసరమైన నాలుగు వరుసలను వేరే చిన్న ఫైలులో పెట్టాను. లైబ్రరీ హెడరు అవసరమైనవి పాత ఫైలులోనే ఉంచాను. రెండూ ఎప్పుడూ ఒకచోట కలవవు. దాచిపెట్టవలసిన పేరంటూ లేదు. తరువాత ఆ షరతు దగ్గరికి వచ్చాను. "కనిపించకపోతే వదిలెయ్" అన్నచోట "కనిపించకపోతే ఆగిపో" అని మార్చి, ఎందుకు ఆగాలో ఒక వాక్యం రాశాను. మళ్లీ తయారు చేశాను.

ఎండ ఇంకా తగ్గలేదు. సేటు షట్టరు సగం దించి, లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"పొడుగు పేరు ఒకటి చెప్పుండ్రి సార్," అంది సుజాత. "నిజందే. తమాషాది వద్దు."

నాకు వెంటనే వచ్చింది చెప్పాను. "కీ.శే. దేవరకొండ అనసూయాదేవి గారి జ్ఞాపకార్థం."

ఆమె టైపు చేసి, చెయ్యి ఆపింది. "ఎవరు సార్?"

"మా అక్క. పోయిన ఏడాది."

సుజాత బిగించిన సొట్ట మూత విప్పేసింది. అటక మీద నుంచి కొత్త డబ్బా దింపి, కొంగుతో తుడిచి బిగించింది.

"మూత చాలమ్మా, పరీక్షే కదా."

"పరీక్షనే సార్. అయినా సొట్టదాని మీద కొట్ట."

సూది దిగింది. కేబుల్ చివర చిన్న లైటు ఒకటి ఉంటుంది, సమాచారం పోతున్నంతసేపు మినుకుతూ. అది ఇంటిపేరు దాకా మినుకుమని, ఆగిపోయింది. సూది మాత్రం గీస్తూనే ఉంది. ఆ లైటు ఆగడమే నాకు కావలసింది. కొంతసేపటికి లైటు మళ్లీ వెలిగింది. మళ్లీ ఆగింది. "జ్ఞాపకార్థం"లో జ కింద ఞ ఒత్తు తిరిగింది, థ కడుపులో చుక్క పడింది, సున్న చుట్టుకుంది. సూది లేచి తన చోటికి వెళ్లిపోయింది.

"అల్లా! పూరా ఆగయా, మొత్తం వచ్చేసింది!" అని షకీల్ సేటు వీపు మీద ఒకటి చరిచాడు. సేటు డబ్బా చేతిలోకి తీసుకుని చివరి అక్షరాన్నే చూస్తున్నాడు. "మధుగాడు సున్న గిట్లనే పెడతుండె," అన్నాడు.

అక్క గ్రంథాలయంలో పని చేసేది. నాకు చదవడం నేర్పింది ఆమే. ఆమె పోయినప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఏమీ పంచలేదు. స్టీలు మీద పేరు ఎందుకు అనుకున్నాను. ఆ అభిప్రాయం ఆ మధ్యాహ్నంతో పెద్దగా మారలేదు. కానీ అచ్చుతప్పు ఉన్న పుస్తకాన్ని ఆమె పెన్సిలు లేకుండా చదివేది కాదు. ఆ డబ్బాలో దిద్దడానికి ఏమీ లేదు. అది నాకు తృప్తినిచ్చింది.

సుజాత వెంటనే పెద్దావిడ డబ్బాలు మొదలుపెట్టింది. ఒక్కొక్కటి దించి తుడిచి ఇస్తుంటే సేటు స్వయంగా అందుకుని పేర్చాడు. షకీల్ ప్రతి డబ్బా మీదా చివరి పదం పైకి చదివాడు. దీపాలు పెట్టే వేళకు ఆర్డరు పూర్తయింది. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

మర్నాడు నేను అక్కడ లేను. షకీల్ చెప్పిందే రాస్తున్నాను. పెద్దావిడ కొడుకు వచ్చి ఒక డబ్బా తీసుకుని, వేలితో తల్లి పేరును మెల్లగా తడిమి చూసి, చెయ్యి తిరిగిన రాతలాగా ఉందని, ఎవరు రాశారని అడిగాడట. సేటు మెట్ల కింది కౌంటరు వైపు చూపించాడట. కాసేపటికి లేజర్ మిషను ఆయన నమూనా పలకతో వచ్చాడు. సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మంచిగనే ఉంది గని, గిది బోర్డు రాసినట్టున్నది. మాకు మనిషి రాసినట్టు గావాలె," అని చాయ్ తాగించి పంపించాడు. సుజాతను ఇంట్లో ఉండమన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ వారమే మెట్ల కింద కొత్త ఫ్యాను పెట్టించాడు.

నేను చేసిన మార్పును ఆ ఎమ్యులేటరును ఇంకా చూసుకుంటున్న కొద్దిమందికి పంపాను. వాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, జీతం లేని పని. ఒకాయన రెండు ప్రశ్నలు అడిగి ఒప్పుకున్నాడు. ఇప్పుడది మూల కోడులోనే ఉంది.

ఈ కేసు నేర్పింది పెద్ద మాటల్లో చెప్పవలసినది కాదు. ఆగిపోయిన ప్రోగ్రామును చూసి మేము విసుక్కుంటాం. కానీ ఆగిపోయినది ఎక్కడ ఆగిందో చెబుతుంది. ఏమీ అనకుండా ఒక భాగాన్ని వదిలేసి ముందుకు పోయినదే నష్టం చేస్తుంది, అదీ ఎవరికి ఎక్కువ మాటలు అవసరమో వాళ్లకే. అప్పటి నుంచి తప్పు లేకుండా తయారైందన్న మాటతో నేను సంతోషపడడం మానేశాను. పరీక్షకు చిన్న పేరు ఎప్పుడూ ఇవ్వను.

ఆ తరువాత సిస్టము కొత్త రూపం మరొకటి వచ్చింది. హెడర్లు మళ్లీ కొంత జరిగాయి. దుకాణంలో వేసే ముందు ఇంట్లో తయారు చేసి చూశాను. ఈసారి కంపైలరు మధ్యలో ఆగి, నేను రాసిన వాక్యాన్నే తెర మీద చూపించింది. ఏ పేరు ఎటు జరిగిందో వెతికి, దిద్ది, పొడుగు వరుసతో పరీక్షించి, షకీల్‌కు పంపాను. అతను పొద్దున్నే వెళ్లి వేసి వచ్చాడు. కాసేపటికి సుజాత వచ్చి, ఫ్యాను వేసుకుని, మొదటి గిరాకీని ఏం పేరు కొట్టమంటారని అడిగింది. సిస్టము మారిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు.